పండగ థీమ్ తీసేస్తే పాత సైటు తిరిగొస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మే చిన్న సైటు, వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్‌తో (సైటుని షాపుగా మార్చే ప్లగిన్, అంటే అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. సంక్రాంతికి కళగా ఉంటుందని కొత్త థీమ్ (సైటు రూపురేఖలు) కొని వేశారు. అప్పట్నుంచి పైనున్న మెనూ సగం కనపడటం లేదు, బొమ్మల ఫోటోలకు తలలు తెగిపోయాయి, హోమ్ పేజీ మధ్యలో చదరపు బ్రాకెట్లలో ఏదో కోడ్ వస్తోంది. పాత థీమ్‌కి వెళ్లిపోదామంటే, పండగ రోజుల్లో ఎక్కించిన ప్రొడక్టులు, వచ్చిన ఆర్డర్లు పోతాయేమోనని టెన్షన్. గాజువాకలో తెలిసినాయన ఒకరు డిసెంబరు నాటి బ్యాకప్ రీస్టోర్ చేస్తే సరిపోతుందన్నారు. దసరాకి మళ్ళీ థీమ్ మార్చాలని కూడా ఉంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ప్రొడక్టులు పోవు, ఆర్డర్లు పోవు. పాత థీమ్ ఇంకా సైట్లో ఉంటే అప్పియరెన్స్‌లో థీమ్స్ పేజీకి వెళ్లి దాన్ని యాక్టివేట్ చేయండి. మెనూ, లోగో, రంగులు చాలా వరకు వాటంతటవే పాత చోటికి వచ్చేస్తాయి. కొత్త థీమ్‌ని ఇప్పుడే డిలీట్ చేయకండి, కొన్నాళ్లు పక్కన పడి ఉండనివ్వండి.

బ్యాకప్ రీస్టోర్ మాత్రం వద్దు. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఇదొక్కటే. డిసెంబరు బ్యాకప్‌లో డిసెంబరు నాటి డేటాబేస్ ఉంటుంది. దాన్ని వెనక్కి పోస్తే థీమ్‌తో పాటు జనవరి ఆర్డర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. డబ్బులు మీ ఖాతాలో ఉంటాయి, ఎవరు ఏ బొమ్మ అడిగారో, ఏ అడ్రసుకి పంపాలో మాత్రం ఉండదు. రూపం మారినందుకు డేటాని వెనక్కి తిప్పడం ఏ షాపు సైటుకైనా ప్రమాదమే. బ్యాకప్ తీసుకోండి, కానీ ఈరోజుది తీసుకోండి. డేటాబేస్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, థీమ్‌లు, ఫోటోలు ఉండే డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డర్‌ని జిప్ చేసి మీ కంప్యూటర్లోకి దించుకోండి. అది ఇప్పుడు చేయబోయే పని ఎక్కడైనా బెడిసికొడితే పనికొస్తుంది.

ఇక ఎందుకు పోవు అన్న సంగతి. పేజీలు, పోస్టులు, ప్రొడక్టులు, ఆర్డర్లు డేటాబేస్‌లో ఉంటాయి. ఫోటోలు అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంటాయి. థీమ్ అనేది థీమ్స్ ఫోల్డర్లో ఉండే కొన్ని ఫైళ్లు మాత్రమే. షాపు బోర్డు మార్చినంత మాత్రాన గోడౌన్‌లో సరుకు ఎక్కడికీ పోదు కదా. అయితే చాలామంది చెప్పేది ఇక్కడితో ఆగిపోతుంది, తిప్పలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి. సైటుకి చెందాల్సినవి కొన్ని తెలియకుండా థీమ్‌లోకి వెళ్లి కూర్చుంటాయి. మీకు కనిపిస్తున్న మూడు లోపాలూ ఆ బాపతే.

మెనూ. మీరు తయారు చేసిన మెనూ డేటాబేస్‌లో భద్రంగానే ఉంది. ఏ మెనూ ఏ చోట కనిపించాలన్నది మాత్రం థీమ్ సెట్టింగు. పాత థీమ్‌లో పైన ఒకటి, అడుగున ఒకటి స్థానాలుండి, కొత్తదానిలో వాటికి వేరే పేర్లుంటే వర్డ్‌ప్రెస్ తనకు తోచినట్టు జత చేస్తుంది. 2017లో వచ్చిన 4.9 వెర్షన్ నుంచి ఈ జత చేయడం కొంత మెరుగైంది, అయినా ప్రతిసారీ కుదరదు. మెనూస్ పేజీలో మేనేజ్ లొకేషన్స్ అనే ట్యాబ్ ఉంటుంది, అక్కడ రెండు క్లిక్కుల పని. పక్కన ఉండే విడ్జెట్లకూ (వెతుకు పెట్టె, కొత్త పోస్టుల జాబితా లాంటివి) ఇదే కథ. కనపడకపోతే ఇన్‌యాక్టివ్ విడ్జెట్స్ అన్న పెట్టెలో చూడండి, అక్కడే ఉంటాయి.

ఇంకో సంగతి. లోగో, రంగులు, మెనూ స్థానాలు, ఇవన్నీ డేటాబేస్‌లో ఆప్షన్స్ అనే టేబుల్లో ఒక వరుసలో ఉంటాయి. ఆ వరుస పేరు చివర థీమ్ ఫోల్డర్ పేరు తగిలించి ఉంటుంది. ఒక్కో థీమ్‌కి ఒక్కో వరుస. థీమ్‌ని డిలీట్ చేసినా ఆ వరుస చెరిగిపోదు. అందుకే పాత థీమ్‌ని ఎప్పుడో తీసేసినవాళ్లు కూడా మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే పాత లోగోతో సహా ప్రత్యక్షమవుతుంది. కానీ ఫోల్డర్ పేరు అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి.  కొందరు డెవలపర్లు పంపే జిప్‌లలో ఫోల్డర్ పేరు చివర వెర్షన్ నంబరు ఉంటుంది. అలా ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దృష్టిలో అది వేరే థీమ్. సెట్టింగులన్నీ ఖాళీగా కనిపిస్తాయి, మనం గుండెలు బాదుకుంటాం. ఫోల్డర్ పేరు సరిచేసి మళ్ళీ యాక్టివేట్ చేస్తే అన్నీ అక్కడే ఉంటాయి.

ఫోటోలు. ఏటికొప్పాక బొమ్మల్లో రాజారాణి జంటలు, తలపాగా బొమ్మలు నిలువుగా, సన్నగా ఉంటాయి. మీ కొత్త థీమ్ ప్రతి ఫోటోని చతురస్రంగా కోయమని అడుగుతోంది. దాంతో పైన తలపాగా, కింద పీట రెండూ ఎగిరిపోయి, మధ్యలో పొట్ట, ఎర్ర లక్క చారలు మిగిలాయి. అసలు ఫోటోకి ఏమీ కాలేదు. కస్టమైజర్‌లో (సైటు రూపం సరిచేసుకునే పేజీ) వూకామర్స్, అందులో ప్రొడక్ట్ ఇమేజెస్ అని ఉంటుంది. అక్కడ చతురస్రం, మీకు నచ్చిన కొలత, అన్‌క్రాప్డ్ అని మూడు ఎంపికలుంటాయి. మీ సరుకుకి అన్‌క్రాప్డే సరైనది, లేదంటే మూడుకి నాలుగు నిష్పత్తి పెట్టుకోండి. 2018లో వచ్చిన వూకామర్స్ 3.3 నుంచి ప్రొడక్టుల చిన్న ఫోటోలు వాటంతటవే కొత్త కొలతకి తయారవుతాయి, కాస్త సమయం ఇవ్వండి. బ్లాగు పోస్టుల ఫోటోలకు మాత్రం థంబ్‌నెయిల్స్ (చిన్న ఫోటోలు) మళ్ళీ తయారు చేసే ప్లగిన్ ఒకటి నడపాలి. పని అయ్యాక ఆ ప్లగిన్ తీసేయవచ్చు.

బ్రాకెట్ల కోడ్. దీన్ని షార్ట్‌కోడ్ అంటారు. పాత థీమ్ తనతో తెచ్చుకున్న స్లైడరో, మూడు కాలమ్‌ల అమరికో ఆ కోడ్ రూపంలో పేజీలో రాసి ఉంది. ఆ థీమ్ ఉన్నంతసేపు దాన్ని స్లైడరుగానో, కాలమ్‌లుగానో మార్చి చూపించింది. ఇప్పుడు అర్థం చెప్పేవాడు లేడు కాబట్టి కోడ్ కోడ్‌లాగే బయటపడింది. పాత థీమ్ వేయగానే సర్దుకుంటుంది. అయితే రెండో వైపు కూడా ఆలోచించండి. పండగ రోజుల్లో కొత్త థీమ్ బిల్డర్‌తో (పేజీలు అమర్చే పనిముట్టు) ఏమైనా పేజీలు కట్టారా? కట్టి ఉంటే, వెనక్కి వెళ్లాక ఆ పేజీల్లో ఇదే గోల. ముందే ఆ పేజీలు తెరిచి, అక్షరాలు కాపీ చేసుకుని మామూలు ఎడిటర్‌లో మళ్ళీ పెట్టుకోవాలి. దీనికి దగ్గరదారి లేదు.

ఇంతకన్నా కంగారు పెట్టేది ఇంకోటుంది. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల సైటు నా దగ్గరికి వచ్చింది. థీమ్ మార్చిన మర్నాడు, ఏళ్ల తరబడి ఎక్కించిన ర్యాంకర్ల పేజీలు మొత్తం మాయం. డ్యాష్‌బోర్డులో ఎడమవైపు రిజల్ట్స్ అనే మెనూనే లేదు. డిలీట్ అయిపోయాయనే అనుకుని ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి పాత పాంప్లెట్లు చూసి మళ్ళీ టైపు చేయిస్తున్నారు. డేటాబేస్ తెరిచి చూస్తే పోస్టుల టేబుల్లో ఒక్కటీ తగ్గలేదు. రిజల్ట్స్ అనే పోస్టు రకాన్ని ప్రకటించే నాలుగు లైన్లు పాత థీమ్ ఫంక్షన్స్ ఫైల్లో ఉన్నాయి, థీమ్ మారాక ఆ పేరు చెప్పేవాళ్లు లేరు, అంతే. అవే లైన్లు తీసి ఒక చిన్న ప్లగిన్‌గా పెట్టి, పేజీల అడ్రసులు నిర్ణయించే పెర్మాలింక్స్ పేజీలో ఒకసారి సేవ్ నొక్కగానే ర్యాంకర్లందరూ తిరిగొచ్చారు. మీ పాత థీమ్‌లో కస్టమర్ల అభిప్రాయాలో, కళాకారుల పరిచయాలో ఇలా విడిగా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఉంటే పాత థీమ్‌ని ఎప్పుడైనా డిలీట్ చేసే ముందే ఆ కోడ్‌ని ప్లగిన్‌లోకి మార్పించుకోండి.

ఎందరు వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ కోడ్, సైటు మీదేనని గూగుల్‌కి చెప్పే సెర్చ్ కన్సోల్ ధ్రువీకరణ ట్యాగు కూడా చాలా సైట్లలో థీమ్ హెడర్ ఫైల్లో అతికించి ఉంటాయి. థీమ్ మారితే అవి పోతాయి, ఎవరికీ తెలియదు. అరకు టూర్లు నడిపే ఒకరు, పండగ సీజన్లో సైటుకి ఒక్కరు కూడా రాలేదని వాపోయారు. జనం వస్తూనే ఉన్నారు, లెక్కపెట్టే కోడే లేదు.

డెమో ఇంపోర్ట్ నొక్కారా? కొన్న థీమ్‌లు దాదాపు అన్నీ, ఒక్క క్లిక్కుతో అచ్చం ఫోటోలో ఉన్నట్టే చేస్తామని ఊరిస్తాయి. నొక్కితే డమ్మీ పేజీలు, డమ్మీ ప్రొడక్టులు, డమ్మీ మెనూలు, పదుల కొద్దీ ఫోటోలు మీ సైట్లోకి దిగుతాయి. హోమ్ పేజీ ఏదన్న సెట్టింగు కూడా మారిపోతుంది. ఇవి థీమ్‌లో భాగం కావు, మీ డేటాబేస్‌లో కలిసిపోయినవి. థీమ్ తీసేసినా ఇవి పోవు. బీచ్ రోడ్డులో ఒక హోటల్ సైటు చూశాను, థీమ్ మార్చి చాలా కాలమైనా గూగుల్‌లో వెతికితే వాళ్ల పేరు కింద ప్యారిస్‌లో అపార్ట్‌మెంట్ అద్దెకు అని వస్తోంది! పాత డెమో పేజీ అది. కాబట్టి వెనక్కి వెళ్లాక రీడింగ్ సెట్టింగ్స్‌లో హోమ్ పేజీ మీదేనా అని చూడండి. పేజీలు, పోస్టులు, ప్రొడక్టుల జాబితాలను తేదీ వారీగా పెట్టి, థీమ్ వేసిన రోజు పుట్టినవాటిని ఒక్కొక్కటిగా చూసి తీసేయండి. గుడ్డిగా అన్నీ సెలెక్ట్ చేసి తీసేస్తే మీ కొత్త బొమ్మలు కూడా వాటితో పోతాయి.

థీమ్ తనతో పాటు వేయించుకున్న ప్లగిన్లు కూడా అంతే. స్లైడర్, పాపప్, బిల్డర్ అంటూ నాలుగైదు ఉంటాయి. థీమ్ వెళ్లినా అవి అక్కడే ఉండి సైటుని నెమ్మదిగా చేస్తాయి. ఒక్కోటి డీయాక్టివేట్ చేసి, సైటు చూసి, ఇబ్బంది లేకపోతే అప్పుడు తీసేయండి.

పాత థీమ్ యాక్టివేట్ చేయగానే తెల్ల స్క్రీన్ వస్తే భయపడకండి. 2019లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ అడ్మిన్ ఈమెయిల్‌కి రికవరీ లింకు పంపుతుంది, దానితో లోపలికి వెళ్లొచ్చు. ఆ మెయిల్ రాకపోతే హోస్టింగ్ వాళ్ల ఫైల్ మేనేజర్ తెరిచి, ఆ థీమ్ ఫోల్డర్ పేరు మార్చేసి, డ్యాష్‌బోర్డులో థీమ్స్ పేజీ తెరవండి. థీమ్ దొరకడం లేదు కాబట్టి వర్డ్‌ప్రెస్ తన సొంత డిఫాల్ట్ థీమ్‌కి మారిపోతుంది. అందుకే ట్వంటీ ట్వంటీ అనే పేర్లతో వచ్చే డిఫాల్ట్ థీమ్ ఒక్కటైనా సైట్లో ఉంచుకోవాలి. అనవసరం అనుకుని దాన్ని తీసేసినవాళ్లకు ఈ దారి మూసుకుపోతుంది.

డిలీట్ ఎప్పుడు? పాత థీమ్‌తో ఒకటి రెండు వారాలు సాఫీగా నడిచాక. యాక్టివ్‌గా ఉన్న థీమ్‌కి డిలీట్ బటన్ కనపడదు. మిగతావాటి బొమ్మ మీద నొక్కి థీమ్ డీటెయిల్స్ తెరిస్తే కింద కుడి మూలన ఎర్రగా ఉంటుంది. నొక్కే ముందు ఒక్కటి చూడండి. మీరు వాడుతున్న పాతది చైల్డ్ థీమ్ (ఇంకో థీమ్ మీద ఆధారపడి నడిచేది) అయితే దానికి పేరెంట్ థీమ్ ఒకటి ఉంటుంది. జాబితాలో అది వాడనిదానిలా కనిపిస్తుంది, తీసేస్తే సైటు పడిపోతుంది. చైల్డ్ థీమ్ డీటెయిల్స్‌లో పేరెంట్ పేరు రాసి ఉంటుంది, అది చదివాకే దేన్నైనా తీయండి.

మీరు కొన్నానని రాశారు, మంచిది. వాట్సాప్ గ్రూపుల్లో ఖరీదైన థీమ్‌లు ఊరికే పంపుతుంటారు, అలాంటిది కాదు కదా? అయితే మాత్రం థీమ్ తీసినా సరిపోదు. యూజర్స్ జాబితాలో మీకు తెలియని అడ్మిన్ ఎవరైనా ఉన్నారేమో చూడండి. అలాంటి థీమ్‌లు వెనకదారి ఒకటి పెట్టి పోతాయి, ఫోల్డర్ తీసేసినా ఆ యూజరు మిగులుతాడు.

అన్నీ అయ్యాక క్యాష్ (త్వరగా చూపించడానికి దాచి ఉంచిన పేజీల కాపీలు) ఖాళీ చేయండి. ప్లగిన్‌ది, హోస్టింగ్‌ది, మధ్యలో సీడీఎన్ (సైటు కాపీలను వేర్వేరు ఊళ్ల సర్వర్ల నుంచి అందించే సేవ) ఉంటే దానిదీ. లేకపోతే మీకు పాత సైటు, మీ కస్టమర్‌కి పండగ సైటు కనిపిస్తూ, ఫోన్లో ఒకరికొకరు అర్థం కాక కొట్టుకుంటారు.

ఇక దసరా సంగతి. నా అభిప్రాయం ఒక్కటే: పండగకి థీమ్ మార్చకండి. పండగ వాతావరణం కావాలంటే మారాల్సింది హోమ్ పేజీ పైన బ్యానరు, రెండు రంగులు, వీలైతే ఒక తోరణం బొమ్మ. దానికి మొత్తం థీమ్ మార్చనక్కర్లేదు. మీది కస్టమైజర్ ఉన్న పాత తరహా థీమ్ కాబట్టి, అడిషనల్ సీఎస్‌ఎస్ (రంగులు, రూపం చెప్పే కోడ్) అనే పెట్టెలో పండగ రంగులు నాలుగు లైన్లు రాయించుకోండి. మొదట్లో, చివర్లో దసరా మొదలు, దసరా ముగింపు అని వ్యాఖ్య పెట్టించండి. పండగయ్యాక ఆ మధ్యది చెరిపేస్తే చాలు, ఏమీ తెగదు. ఆ పెట్టెలో రాసినది కూడా ఆ థీమ్‌కే అంటిపెట్టుకుని ఉంటుంది, వేరే థీమ్ వేస్తే పనిచేయదు. అదే కొత్త తరహా బ్లాక్ థీమ్ (ప్రతి భాగాన్నీ సైట్ ఎడిటర్‌లోనే మార్చుకునేది) అయితే, 2022లో వచ్చిన 5.9 నుంచి సైట్ ఎడిటర్‌లోని స్టైల్స్‌లోనే మొత్తం రంగులు మార్చుకోవచ్చు. ఇప్పటి వెర్షన్లలో అక్కడే రివిజన్స్ (ఇంతకుముందు చేసిన మార్పుల జాబితా) కూడా ఉంటాయి, పండగ ముందు రోజుకి తిరిగి వెళ్లొచ్చు.

కస్టమైజర్‌లో చాలామంది చూడనిది ఒకటుంది. పబ్లిష్ బటన్ పక్కన చిన్న గేర్ గుర్తు నొక్కితే షెడ్యూల్ అని వస్తుంది. నవరాత్రుల మొదటి రోజు తెల్లవారుజామున రంగులు మారేలా ముందు వారమే పెట్టుకోవచ్చు. అయితే జనరల్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతా అని ఉందో లేదో చూసుకోండి. యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని వదిలేస్తే అయిదున్నర గంటలు ఆలస్యంగా మారుతుంది.

ఎప్పుడైనా నిజంగానే థీమ్ మార్చాలనుకుంటే, కొనే ముందు తెలుగు పెట్టి చూడండి. ఇది మనలాంటి లిపులున్న సైట్లకు వచ్చే బాధ, థీమ్ అమ్మేవాళ్ల డెమోలో కనపడదు. మీ సైట్లోనే చూడండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు అన్న శీర్షిక ఫోన్లో రెండు లైన్లయింది. కొత్త థీమ్ లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయేలా బిగించి పెట్టింది. ప్పకి, క్కకి కింద ఉన్న వత్తులు రెండో లైను తలకట్ల మీద పడుతున్నాయి. ప్రొడక్టు పేర్ల దగ్గరైతే పెట్టె దాటినది కోసేయమని ఉంది, మ్మలో వత్తే కనపడక బొమలు అని చదవాల్సి వస్తోంది. లైన్ హైట్ (లైన్ల ఎడం) కనీసం 1.6 ఉంచి, శీర్షికలకు లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) సున్నా చేయించండి.

ఫాంటు సంగతి కూడా ఇక్కడే. థీమ్‌తో వచ్చే పాపిన్స్, మాంట్‌సెరాట్ లాంటి ఫాంట్లలో తెలుగు అక్షరాలే లేవు. కాబట్టి ఒక్కో ఫోన్లో ఆ ఫోన్ ఫాంటు వస్తుంది, విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో చాలా వరకు నోటో. మండలి, ఎన్టీఆర్, రామభద్ర ముచ్చటగా ఉంటాయి కానీ ఒక్కో మందంలోనే దొరుకుతాయి. వాటిని బోల్డ్ చేస్తే బ్రౌజరు కృత్రిమంగా లావు చేసి అక్షరాల సందులు పూడ్చేస్తుంది. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు పలు మందాల్లో ఉన్నాయి, షాపు సైటుకి ఈ మూడింటిలో ఒకటి చూసుకోండి.

మార్చే పని కూడా నేరుగా నడుస్తున్న సైటు మీద కాకుండా స్టేజింగ్ కాపీలో (జనానికి కనపడని, పరీక్షకు పెట్టుకున్న సైటు నకలు) చేయించండి. చాలా హోస్టింగ్‌లలో ఆ సౌకర్యం ప్యానెల్‌లోనే ఉంటుంది. అయితే ఆ కాపీని తిరిగి నెట్టేటప్పుడు ఫైళ్లు మాత్రమే నెట్టమనండి. డేటాబేస్ కూడా నెడితే, పైన చెప్పిన బ్యాకప్ కథే, మధ్యలో వచ్చిన ఆర్డర్లు పోతాయి.

ప్రస్తుతానికి పాతది యాక్టివేట్ చేసి చూడండి. హోమ్ పేజీలో బ్రాకెట్లు ఇంకా కనిపిస్తుంటే, అందులో మొదటి పదం ఏముందో కింద రాయండి. సాధారణంగా ఆ పేరు చూస్తే ఏ ప్లగిన్‌దో తెలిసిపోతుంది.